సింగారపు దాస్యము

(ఒక పఠనమందిరమున జరిగిన సభలో మేము చేసిన యుపన్యాసము)



లండను నగరమున నివసించు ఇరువురు చెలులు తప్పద్రాగి, పొగ పీల్చి, కన్నబిడ్డను గోడాడించు ఒక టెలివిజను ప్రహసనమును గూర్చి జాతీయవాదులు ప్రసంగింపవలసిన యగత్యమేమి యని మీరడుగవచ్చును. అగత్యము కలదు. ఇట్టి పరదేశపు ప్రహసనములు నేడు సముద్రములు దాటి మన యిండ్లలోనికి వచ్చుచున్నవి. వానిని చూచి, స్త్రీకి స్వేచ్ఛ యిచ్చిన ఫలమిదియే యని తల యూపు పెద్దలు మనలో గలరు. నాగరకత యనగా నిదియే యని మురియు యువజనులును గలరు. ఈ రెండు తెగలవారును పొరపడుచున్నారని మా నిశ్చితాభిప్రాయము.

ఆ ప్రహసనము పేరు ఆబ్సల్యూట్లీ ఫ్యాబ్యులస్. 1992 నవంబరు 12వ తేదీన బి. బి. సి. వారి రెండవ ఛానెలులో నది మొదలయ్యెను. రచించినది జెన్నిఫర్ సాండర్స్ అను హాస్యనటి. ఆమెయు, డాన్ ఫ్రెంచ్ అను ఆమె సహనటియు 1990లో నాడిన చిన్న ఘట్టమొకటి దీనికి బీజము. తల్లి పసిపిల్లవలెను, బిడ్డ తల్లివలెను మెలగుటయే యందలి హాస్యము. ఆ చిన్న విత్తు మొలకెత్తి, విడతలు విడతలుగా 2012 వరకు సాగి, 2016లో చలనచిత్రముగా గూడ వెలువడెను.

కథానాయిక ఎడీనా. ఈ పాత్రను రచయిత్రియే ధరించినది. ఇతరుల సరకులకును పేరులకును ప్రచారము గల్పించుట యామె వృత్తి. ఆమె నెచ్చెలి ప్యాట్సీకి వేషభూషల పత్రికలో పెద్ద యుద్యోగము. కార్యాలయము ముఖము చూచుట మాత్ర మరుదు. ఎడీనా కూతురు శాఫ్రన్ చదువుకొను పిల్ల. ఆ యింట బాధ్యత యెరిగినది యామె యొక్కతెయే. తల్లి తప్పతాగి తెల్లవారుజామున నిల్లు చేరగా కూతురు మందలించును.

ఆడువారిని ఇట్లు చిత్రించుట తగునా యని కొందరి యాక్షేపణ. మేమొక ప్రశ్న నడుగుదుము. షేక్స్పియరు మహాకవి సృష్టించిన ఫాల్‌స్టాఫ్ త్రాగుబోతు, పిరికివాడు, అబద్ధములకోరు. అతనిని చూచి నాలుగువందల యేండ్లుగా లోకము నవ్వుచున్నది. మన గిరీశమును చూచి మనమును నవ్వుచున్నాము. పురుషజాతి యంతయు చెడిపోయినదని యెవరైన ననిరా? ఒక పురుషుని దోష మతని దోషమే యగుచుండ, ఒక స్త్రీ దోషము స్త్రీజాతి కంతటికి నేల యంటవలెను? ఈ తూనికరాళ్లు రెండు విధములుగా నున్నంత కాలము మన తీర్పులు న్యాయములు గానేరవు.

ఇక మురియు యువజనులతో నొక మాట. ఆ చెలులు స్వతంత్రులా? చక్కగా చూడుడు. ఎడీనా తొడుగు దుస్తు లామె శరీరమునకు సరిపడవు. ఐనను వానిమీద లాక్రువా యను పారిసు వస్త్రశిల్పి పేరున్న జాలును. వారు త్రాగునది దాహమునకు గాదు, సీసామీది పేరునకు. ఎడీనా బౌద్ధమంత్రమును గూడ జపించును. తథాగతుడు తృష్ణను జయింపుమని బోధింపగా, ఆమె చేతిలో నా ధర్మము సైతము తృష్ణకు మరియొక యాభరణ మయ్యెను! ఒక యంకములో వీరిరువురు ఫ్రాన్సు దేశమునకు విహారార్థము పోయి, తాము కోరిన భవనమనుకొని పనివారి కొంపలో దిగుదురు. పేరును చూచి మురియువారికి వస్తువు దక్కదనుట కింతకన్న దృష్టాంతము కావలెనా? 1921లో విదేశవస్త్రములను మంటలో వేసిన మన పెద్దలు ద్వేషించినది గుడ్డను గాదు, గుడ్డకు దాసులగుటను. ఎడీనా మెడలోనున్నదియు నా సంకెలయే; దానికి మెరుగు పెట్టి హారమనుచున్నారు.

ఐనను రచయిత్రి కరుణలేనిది కాదు. భర్తలు విడిచిరి, బిడ్డ యేవగించుకొనును, వయసు జారిపోవుచున్నది; ఇంత జరిగినను చెలి చెలిని విడువదు. ఆ స్నేహమొక్కటియే వారు వెలయిచ్చి కొననిది.

వేషమునుబట్టి మనిషిని దూషించువారు మరియొక సంగతి వినవలెను. ప్యాట్సీ పాత్రధారిణి జోవానా లమ్లీ 1946లో శ్రీనగరమున జన్మించెను. తండ్రి గూర్ఖా పటాలమున మేజరు. బ్రిటనుకై యుద్ధములు చేసిన గూర్ఖాలలో 1997కు పూర్వము కొలువు విరమించిన వారు ఆ దేశమున స్థిరనివాసపు హక్కుకై యేండ్ల తరబడి పెనుగులాడిరి. వారి పక్షమున నామె నిలిచెను. 2009 ఏప్రిల్ 29వ తేదీన కామన్సు సభలో ప్రభుత్వము 246 వోట్లు పొంది, 267 వోట్లచే నోడిపోయెను. మే 21వ తేదీన, నాలుగేండ్లు కొలువు చేసినవారి కందరికిని హక్కు నంగీకరించెను. రక్తము ధారపోయించుకొని ఋణము మరచిన సామ్రాజ్యమునకు దానిని జ్ఞప్తికి దెచ్చినది, తెరమీద త్రాగి తూలిపడు నా వనితయే!

కావున సోదరులారా, ఈ ప్రహసనమును చూపి మీ యాడుబిడ్డల చదువునకు గడియ వేయకుడు. సోదరీమణులారా, ఆ సింగారమును చూచి మోసపోకుడు. ఇంటికి పోయి, మీ పెట్టెలలోని వస్తువులలో నవసరమునకు గొన్నవెన్నియో, పేరునకు గొన్నవెన్నియో లెక్కించి చూచుకొనుడు. లెక్క చూచుకొన్న పిదప ఎడీనాను చూచి నవ్వుదము. అప్పు డా నవ్వునకు మన మర్హులమగుదుము.