జ్వరం తగ్గాక అడగాల్సిన ప్రశ్న

నర్సింగ్, ఫార్మసీ పట్టాలు అందుకున్న మీకందరికీ అభినందనలు.

మీలో చాలామంది బందరు, గుడివాడ, దివిసీమల్లోనే పనిచేస్తారు. ఇక్కడ జ్వరమొస్తే సెలైన్ పెట్టించుకుని, ఒళ్లు చల్లబడగానే నాట్లకో రొయ్యల చెరువుకో వెళ్లిపోతారు. జబ్బు అక్కడితో పోయిందనుకుంటారు. చాలాసార్లు పోతుంది, కొన్నిసార్లు పోదు.

ఫ్లూ నిర్ధారణైన తొలి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు పెరుగుతుందని 2018లో కెనడా పరిశోధకులు తేల్చారు. కోవిడ్ సోకిన లక్షన్నర మంది అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య వివరాలను ఏడాదిపాటు గమనిస్తే, ఆసుపత్రిలో చేరనివాళ్లలోనూ గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. వైరస్‌తో పోరాటంలో పుట్టే వాపు రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. ఆ గడ్డ గుండె నాళంలో అడ్డుపడితే గుండెపోటు, మెదడు నాళంలో అడ్డుపడితే పక్షవాతం.

వరిచేల నీటిలో పెరిగే దోమలు జపనీస్ ఎన్‌కెఫలైటిస్‌ను మోస్తాయి. ఆ మెదడువాపు నుంచి బతికి బయటపడ్డవాళ్లలో నూటికి 30 నుంచి 50 మందికి ఏదో ఒక నరాల లోపం జీవితాంతం ఉండిపోతుంది. తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో బహు కొద్దిమందికి ఏళ్ల తర్వాత మెదడు దెబ్బతింటుంది. ఈ రెండింటికీ టీకాలున్నాయి.

టీకా మాటొస్తే, కోవిడ్ టీకా వల్లే కుర్రాళ్ల గుండెలు ఆగిపోతున్నాయనే భయం ఊళ్లలో ఇంకా ఉంది. ఆరోగ్యంగా ఉంటూ హఠాత్తుగా చనిపోయిన 18–45 ఏళ్లవారి వివరాలను భారత వైద్య పరిశోధన మండలి పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించింది. టీకా ముప్పును పెంచలేదు. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అలాంటి మరణాలుండటం, అతిగా తాగడం వంటివి పెంచాయి. భయపడేవాళ్లను కసురుకోకుండా ఈ నిజం చెప్పండి.

బీపీ చూసేటప్పుడు ఒక్క మాట అడగండి: "ఈ ఏడాదిలో గట్టి జ్వరం ఏమైనా వచ్చిందా అమ్మా? అప్పటినుంచి ఆయాసం, గుండెదడ, మతిమరుపు ఉన్నాయా?" జవాబు రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. గుండెల్లో నొప్పి అంటూ మందులషాపుకొచ్చిన మనిషికి గ్యాస్ మాత్ర ఇచ్చి పంపకండి, ఈసీజీకి పంపండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగనివ్వకండి. గడ్డను కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలే.

ఓపిగ్గా అడిగి తెలుసుకునేవాళ్లకే మంచి హస్తవాసి దక్కుతుంది. మీ ఊరివాళ్లు మీ గురించి ఆ మాట చెప్పుకోవాలని ఆశీర్వదిస్తున్నాను.