సీటు రావడం సగమే, పట్టా చేతికి రావాలి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఉపకార వేతనాలు అందుకున్న పిల్లలందరికీ నా అభినందనలు. చాలా ఏళ్ళు డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెప్పిన వాడిగా నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. పి.యు.సి.లో తన ఊరికే మొదటివాడుగా నిలిచిన కుర్రవాడు డిగ్రీ మొదటి ఏడాది పరీక్ష తప్పి, ఇంటికి వెళ్ళి మరి తిరిగి రాకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అది తెలివి తక్కువై కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లీషు. అడుగుదామంటే భయం.

ఇదే సమస్యను అమెరికాలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఎలా ఎదుర్కొన్నారో చెబుతాను. ఆయన పేరు డేవిడ్ లౌడే. ఆస్టిన్ నగరంలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1997లో టెక్సాస్‌లో వచ్చిన చట్టం వల్ల ప్రతి హైస్కూలులో మొదటి పది శాతంలో ఉన్నవారికి అక్కడ సీటు దొరికింది. పేద పల్లెల పిల్లలూ వచ్చారు. కానీ మొదటి ఏడాది కెమిస్ట్రీలో చాలామంది వెనుకబడ్డారు.

1999లో లౌడే గారు అలాంటి పిల్లలను సుమారు 50 మందిని ఎంచుకుని వేరే సెక్షన్ పెట్టారు. ప్రవేశ పరీక్షలో వీరి సగటు మార్కులు 500 మంది ఉన్న పెద్ద తరగతి కంటే 200 తక్కువ. అయినా పాఠం తేలిక చేయలేదు. అదే పాఠం, అదే ప్రశ్నపత్రం. అదనంగా ఇచ్చింది వారానికి రెండు గంటల బోధన, సలహాదారులు, తోడుగా ఒక సీనియరు. చివరకు ఈ 50 మందికీ పెద్ద తరగతితో సమానంగా గ్రేడులు వచ్చాయి!

2012లో విశ్వవిద్యాలయం ఆయనకు పెద్ద పదవి ఇచ్చి, పిల్లలు సకాలంలో డిగ్రీ పూర్తి చేసేలా చూడమంది. చదువు ఆగిపోయే ప్రమాదం ఉన్నవారిని ముందే గుర్తించి, కొందరికి ఏడాదికి 5,000 డాలర్ల ఉపకార వేతనం ఇచ్చారు. అయితే ఊరికే కాదు. నాయకత్వ శిక్షణకు రావాలి, సేవా కార్యక్రమాల్లో పాల్గొనాలి. మీరు వెనుకబడ్డవారని చెప్పలేదు, రేపటి నాయకులని చెప్పారు. నాలుగేళ్ళలో డిగ్రీ పూర్తిచేసే వారు అప్పట్లో నూటికి 52 మంది. 2018 నాటికి దాదాపు 70 మంది అయ్యారు.

ఇందులో మనం చేయగలిగినవి ఉన్నాయి. విద్యార్థులారా, అర్థం కాని చోట వెంటనే అడగండి. నలుగురు కలిసి చదవండి. తల్లిదండ్రులారా, మొదటి పరీక్షలో మార్కులు తగ్గితే "నీకు ఈ చదువు వద్దులే" అనకండి. ఆ ఒక్క మాటతో బిడ్డ ఆగిపోవచ్చు. మన ఉపకార వేతనంతో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన వారికి ఒక విన్నపం. ఒక్కొక్కరు ఒక విద్యార్థిని ఎంచుకుని నెలకు రెండుసార్లు ఫోన్ చేసి "ఎలా చదువుతున్నావు?" అని అడగండి చాలు. ట్రస్టు పెద్దలు చెక్కుతో పాటు ఆ సీనియరు పేరు, ఫోన్ నంబరు కూడా ఇచ్చే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఈ రోజు ఈ వేదిక ఎక్కిన ప్రతి ఒక్కరూ పట్టా పుచ్చుకోవాలని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.