ఘనపదార్థమున అయానుల గమనము



ఖాజీపేటకు ఎంతో దూరము లేని జమ్మలమడుగు ప్రాంతమున, మైలవరము పరిసరముల, పగలెల్ల విద్యుత్తు నిచ్చుచు ప్రొద్దు గ్రుంకగనే నిలిచిపోవు సౌరఫలకములను మీరు చూచియే యుందురు. ఆ విద్యుత్తును రాత్రికి నిలువయుంచు బ్యాటరీ ఎట్టిదై యుండవలెనను విషయమునే నేడు ప్రస్తావింపదలచితిని.

నేటి లిథియము బ్యాటరీలో రెండు ధ్రువముల నడుమ నున్నది మండెడి స్వభావము గల సేంద్రియ ద్రవము. దాని తావున ఘనపదార్థము నుంచవలెనన్నచో, దాని గుండ లిథియము అయానులు ద్రవములోవలె వడిగా సాగవలెను, ఎలక్ట్రానులు మాత్రము సాగరాదు. స్ఫటికమున ఆక్సిజను, గంధకము వంటివి చట్టముగా నిలిచియుండగా, చిన్నదైన లిథియము అయాను ఒక ఖాళీనుండి మఱియొక ఖాళీకి దాటుచు పోవును. వేడి హెచ్చిన కొలది ఆ గమనము హెచ్చును గనుక, మన కడప వేసవికి ఇట్టి పదార్థము మిక్కిలి అనువైనదని నా నమ్మకము. 2011లో జపానున కన్నో బృందము ప్రకటించిన జర్మేనియము, గంధకములు గల లిథియము సమ్మేళనము వాహకతలో ద్రవములతో సరితూగినది.

2007లో మురుగన్, తంగదురై, వెప్నర్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిన గార్నెట్ జాతి ఆక్సైడు వృత్తాంతము నాకు మఱింత ప్రీతికరము. లిథియము, లాంథనము, జిర్కోనియము గల ఈ పదార్థమును కాల్చునపుడు లిథియము ఆవిరియై పోవును గనుక ముందుగనే కొంత అధికముగా కలిపి, పొడిని బిళ్లగా నొత్తి, ఆ బిళ్లను అదే పొడిలో పూడ్చి, పన్నెండువందల డిగ్రీల దరిదాపు వేడిలో గంటల తరబడి యుంచుదురు. అయానులు వేగముగా సాగు క్యూబిక్ రూపము ఒకపరి కుదిరి ఒకపరి కుదరకపోవుటకు హేతువు వెదకగా, ప్రొద్దుటూరు స్వర్ణకారు లెఱిగిన మూసవంటి అల్యూమినా మూసనుండి రవంత అల్యూమినియము బిళ్లలోనికి చేరి ఆ రూపమును నిలుపుచున్నదని తేలినది. పాత్రయే పదార్థమున భాగమైనది!

ఇంత శ్రమించి చేసిన బిళ్లకు తడిగాలి సోకినచో పైన లిథియము కార్బొనేటు పొర గట్టును. లోపల వడిగా వచ్చిన అయాను ఆ పలుచని పొరకడ తడబడును. కావున వాహకతాంకమునే చూచి మురియువారితో నేనేకీభవింపజాలను. ద్రవము ప్రతి సందులోనికి తానే చొచ్చును. ఘనమునకు ఆ సౌలభ్యము లేదు, చిక్కంతయు రెండు ఘనములు కలియుచోటనే యున్నది.

ఘనములలో అయానుల గమనమును పరిశీలించు ఈ శాస్త్రమునకు ఆసియాలో వేదిక గట్టినవారిలో తెలుగువారైన ఆచార్య బి.వి.ఆర్. చౌదరిగారు అగ్రగణ్యులు. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించుచు, లిథియము అయాను బ్యాటరీ బజారునకు వచ్చుటకు ఐదేండ్లు ముందే, 1986లో, ఘనస్థితి బ్యాటరీల పదార్థములపై ఎస్. రాధాకృష్ణగారితో కూడి సదస్సు గ్రంథమును వెలువరించిరి.

పట్టభద్రులైన మీలో కొందఱు రేపు హైదరాబాదులోనో, కారైకుడి విద్యుద్రసాయన పరిశోధన సంస్థలోనో చేరుదురు. తొలిదినమున మీ చేతికి మూస నిచ్చినపుడు, అది దేనితో చేసినదో అడుగుడు.