రోగి పేరు, వయస్సు, ఊరు



వైద్యశాలలో గుమాస్తా ముందుగా నడుగునది పేరు, వయస్సు, ఊరు. బాధలో నున్నవారికి విసుగు కలుగుట సహజమే. అయినను ఆ మాటల విలువ గొప్పది.

2020 డిసెంబరులో ఏలూరున జనులు హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయిరి. కొలది దినములలో 600 మందికి పైగా వైద్యశాల జేరిరి. రోగుల వయస్సులను, వీధులను విడదీసి చూడగా, తొలుత వచ్చినవారిలో పెక్కురు వన్‌టౌను వారని తేలెను. నీరు, పాలు, రక్తము పరీక్షకు బోయెను. కొందఱి రక్తమున సీసము, నికెలు కానవచ్చెను. 1854లో లండను నగరమున జాన్ స్నో కలరా మృతుల యిండ్లను గుర్తించి, దోషము నీటిపంపునందున్నదని చూపినదియు నీ మార్గముననే.

లంకగ్రామపు వృద్ధుడు అమలాపురమున కూతురింట దిగి, ఆ చిరునామాయే వ్రాయించెననుకొనుడు. లంకలోని నీటిదోషము అమలాపురపు లెక్కలో జేరును. లంకకు వైద్యుడు రాడు. కావున నివసించు గ్రామమునే చెప్పుడు. వయస్సును ఉజ్జాయింపుగా గాక, కాగితము చూచి చెప్పుడు.

పరిశోధనకై వివరముల నెత్తి వ్రాయువారు పేరును విడిచిపెట్టవలెను. రోగము గుట్టు రోగిది, లెక్క యూరందఱిది. ఈ మాట మీ రచ్చబండకడ నలుగురికిని దెలుపగోరెదను.