ఓపేర్‌గా జర్మనీకి

జర్మన్ నేర్చుకుంటున్న మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఓపేర్ అనే దారి కూడా ఉంది. జర్మన్ మాట్లాడే కుటుంబంతో ఏడాది వరకు ఉండి, వాళ్ల పిల్లలను చూసుకుంటూ భాష నేర్చుకోవడమే ఇది.

దరఖాస్తు నాటికి 18 ఏళ్లు నిండాలి, 27 నిండకూడదు. ఏ1 స్థాయి జర్మన్ రావాలి. ఆ పరీక్షను చెన్నైలోని గోథే ఇన్‌స్టిట్యూట్‌లో రాయొచ్చు.

పని వారానికి 30 గంటలు మించకూడదు. గది, భోజనం, బీమా ఆ కుటుంబమే చూస్తుంది. చేతిఖర్చుకు నెలకు 280 యూరోలు ఇస్తుంది, భాషా తరగతుల ఖర్చుకూ సాయం చేస్తుంది. ఇది ఉద్యోగం కాదు, జీతమనుకుని అప్పు చేసి వెళ్లొద్దు.

దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకోండి. ఇక భాష సంగతికొస్తే, ఆ ఇంటి పిల్లకు చలికోటు జిప్పు పెడుతూ, చేతితొడుగులు వెతుకుతూ మాట్లాడే నాలుగు ముక్కలే త్వరగా నోటికొస్తాయి. తప్పులొస్తాయని మాట్లాడటం మానొద్దు.

అమ్మానాన్నలారా, ఒప్పందం మీరూ చదవండి. పని గంటలు పెరిగినా, అవమానం ఎదురైనా వెంటనే ఫోన్ చేయమని బిడ్డకు ధైర్యం చెప్పి పంపండి.