మెదడు బొమ్మ అప్పటికప్పుడే ఎందుకు కావాలి?

మాది తుమ్మలపల్లె, పులివెందుల దగ్గర. పేరు వినగానే అందరూ యురేనియం గని అంటారు. ఈరోజు దాని గురించి కాదు, మా నాయన స్కాన్ గురించి చెప్తా.

నాయనకు మెదడులో ఎడమవైపు గడ్డ ఉందన్నారు. మాటను నడిపించే భాగం పక్కనే. ఆపరేషన్‌కు ముందు ఆ భాగం కచ్చితంగా ఎక్కడుందో తెలియాలని ఫంక్షనల్ ఎంఆర్‌ఐ రాశారు. రాత్రి బస్సెక్కి సిటీకి పోయినాం. మిషన్‌లో పడుకోబెట్టి, వస్తువుల పేర్లు మనసులోనే అనుకోమన్నారు. అయిపోయింది, ఊరికొచ్చేసినాం. రెండు రోజులకు ఫోన్: "తల కదిలింది, బొమ్మలు పనికిరావు, మళ్లీ రండి."

ఇందులో జరిగేది ఏంటంటే, మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువ చేరుతుంది. దాంతో సిగ్నల్ కొద్దిగా మారుతుంది. మిషన్ సుమారు రెండు సెకన్లకోసారి మొత్తం మెదడు బొమ్మ తీస్తుంది. ఒక్కో బొమ్మలో లక్ష దాకా చుక్కలు. తల రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా ఒక చుక్క లెక్క ఇంకో చుక్కలో పడుతుంది. కదలికను సరిచేసి, ప్రతి చుక్కనూ లెక్కగట్టాలి. ఆ పని తర్వాతెప్పుడో చేస్తే, తప్పు తెలిసేసరికి పేషెంట్ ఊళ్లో ఉంటాడు.

1996లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ సూపర్‌కంప్యూటింగ్ సెంటర్‌లో స్కానర్‌ను క్రే టీ3ఈ సూపర్‌కంప్యూటర్‌కు కలిపారు. లెక్కను చాలా ప్రాసెసర్లకు పంచేసరికి, మనిషి మిషన్‌లో ఉండగానే బొమ్మ తెర మీదికొచ్చింది. ఆ సెంటర్‌ను నడిపే యూనివర్సిటీల్లో కార్నెగీ మెలన్ ఒకటి. అప్పుడు అక్కడ కంప్యూటర్ సైన్స్ డీన్ ఎవరో తెలుసా? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. ఆ ప్రయోగం ఆయనది కాదు గానీ, మన సీమ మనిషి అంత దగ్గర్లో ఉన్నాడంటే నాకు సంతోషమేసింది. ఇప్పుడైతే ఆ లెక్కకు మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఒక్క కంప్యూటర్ చాలు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. రియల్ టైమ్ అన్నా, రక్తం పెరగడానికే ఐదారు సెకన్లు పడుతుంది. ఇది మనసులో మాట చదివే మిషన్ కాదు.

రెండోసారి పోయేముందు నాయనతో మంచం మీద కదలకుండా పడుకోవడం ప్రాక్టీస్ చేయించినా. "ఈసారి ముక్కు మీద ఈగ వాలినా కదలను లేరా" అన్నాడు. కదల్లేదు. ఆపరేషన్ అయింది. ఇప్పుడు కొన్ని పేర్లకు తడుముకుంటాడు, నన్ను తిట్టడానికి మాత్రం తడుముకోడు.

మీవాళ్లకు ఈ స్కాన్ రాస్తే, అక్కడినుంచి కదలకముందే అడగండి: "తల కదిలిందా? బొమ్మలు బాగా వచ్చినాయా?" మేం అడగలేదు. పన్నెండు రోజులు పోయినాయి.

ఉంటా మరి.