పాత ఫొటో, పాత కెమెరా, ఒక జ్ఞాపకం



పాత ఫొటోను రెండు విధాలుగా చూడవచ్చు. అందులో ఎవరున్నారు, ఏం జరుగుతోంది అని చూడటం ఒక పద్ధతి. దాన్ని తీసినవారు ఎక్కడ నిలబడ్డారు, చేతిలో ఏ కెమెరా ఉంది, సరిగ్గా ఆ క్షణంలోనే మీట ఎందుకు నొక్కారు అని ఆలోచించడం రెండో పద్ధతి. పరీక్షలో జవాబు రాయడానికి మొదటిది సరిపోతుంది. చరిత్ర అర్థం కావాలంటే రెండోది కావాలి. ఈ రోజు ఆ రెండో పద్ధతిని ఒక పత్రికా ఛాయాగ్రాహకురాలి జీవితం ద్వారా తెలుసుకుందాం.

ఆమె పేరు హొమాయ్ వ్యారావాలా. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలిగా పేరుపొందారు. 1913 డిసెంబరు 9న గుజరాత్‌లోని నవ్‌సారీలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి నాటక సమాజంలో నటుడు. బొంబాయిలోని జె.జె. కళాశాలలో ఆమె చిత్రకళ చదువుకున్నారు. ఫొటోగ్రఫీ నేర్పింది మానెక్‌షా వ్యారావాలా. తర్వాత ఆయనే ఆమె భర్త అయ్యారు. తొలి రోజుల్లో బొంబాయి క్రానికల్ పత్రిక ఆమె ఫొటోలను ఒక్కొక్కటి ఒక్క రూపాయికి తీసుకుంది. 1942లో బ్రిటిష్ సమాచార విభాగంలో ఉద్యోగానికి ఆమె ఢిల్లీ చేరారు. చీర కట్టుకుని, కెమెరాలు తగిలించుకుని, సైకిల్ మీద ఆ నగరమంతా తిరిగారు.

ఆమె చేతిలో ఉన్న కెమెరాల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వాటిలో ఒకటి స్పీడ్ గ్రాఫిక్. పేరులో వేగం ఉంది కాని, ఇప్పటి లెక్కన అది చాలా నిదానమైన యంత్రం. హార్మోనియం తిత్తిలా ముడుచుకుని తెరుచుకునే ముందు భాగం, వెనక నాలుగు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల పొడవు ఉన్న ఫిల్ము పలక. ఒక పెట్టెలో అటొకటి ఇటొకటి, రెండే పలకలు పడతాయి. ప్రతి ఫొటోకీ షట్టర్ బిగించాలి, ఫిల్ముకు అడ్డుగా ఉన్న రేకు లాగాలి, మీట నొక్కాలి, రేకు మళ్లీ పెట్టాలి, పెట్టె తిప్పాలి. చీకటిగా ఉంటే ఫ్లాష్ బల్బు వెలిగించాలి. ఒక బల్బు ఒక ఫొటోతో మాడిపోతుంది. వేడిగా ఉన్న దాన్ని తీసేసి కొత్తది పెట్టేలోగా ఎదుట ఉన్న దృశ్యం మారిపోతుంది.

ఇంకొకటి రోలీఫ్లెక్స్. దీనికి ఒకదాని మీద ఒకటిగా రెండు కటకాలుంటాయి. పై కటకం చూడటానికి, కింది కటకం ఫొటో తీయడానికి. దీన్ని కంటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుని, తల వంచి పై అద్దంలోకి చూడాలి. ఆ అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు ఫొటోలే.

ఈ లెక్కలు ఎందుకు చెబుతున్నానంటే, అవి ఛాయాగ్రాహకుల మనసును తీర్చిదిద్దాయి. రెండు పలకలు మాత్రమే ఉన్నప్పుడు అన్నీ తీసేసి తర్వాత మంచిది ఏరుకుందామంటే కుదరదు. ముందు చూడాలి, ఏం జరగబోతోందో ఊహించాలి, ఓపిగ్గా ఆగాలి, ఆ తర్వాతే నొక్కాలి. అంత శ్రద్ధగా చూసిన క్షణం ఫిల్ము మీదే కాదు, తీసినవారి మనసులోనూ నిలిచిపోతుంది.

ఇప్పుడు ఆమె తీసిన రెండు ఫొటోలను గుర్తు చేసుకుందాం. మొదటిది ఎర్రకోట మీద తొలిసారి జాతీయ జెండా ఎగిరిన సందర్భం. దాని తేదీ ఎంత? చాలామంది 1947 ఆగస్టు 15 అంటారు. నిజానికి నెహ్రూ ఎర్రకోట మీద తొలిసారి జెండా ఎగరేసింది ఆగస్టు 16న. ఏటా పదిహేనో తేదీన చూసే వేడుక మన జ్ఞాపకాన్ని ఒకరోజు వెనక్కి జరిపింది. తేదీ సరిగ్గా రాసి ఉన్న ఫొటో అలాంటి పొరపాటును దిద్దగలదు.

రెండోది 1947 జూన్‌లో దేశ విభజన ప్రణాళికపై కాంగ్రెసు నాయకులు ఓటు వేసినప్పటిది. ఫొటోలో కనిపించేవి పైకెత్తిన చేతులు. కనిపించనిది ఏమిటి? ఆ నిర్ణయం తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దు దాటిన కోటిమందికి పైగా ప్రజలు. చట్రంలో చేతులే ఉన్నాయి. వాటి ఫలితం చట్రం బయట ఉంది. అందువల్ల ఏ ఫొటో చూసినా దీని అంచు అవతల ఏముంది అని అడగడం అలవాటు చేసుకోండి.

కొన్నిసార్లు తీయని ఫొటో కూడా జీవితాంతం వెంటాడుతుంది. 1948 జనవరి 30న గాంధీజీ ప్రార్థన సభకు హొమాయ్ బయలుదేరారు. మర్నాడు ఇద్దరం కలిసి వెళదామని భర్త వెనక్కి పిలిచారు. ఆ సాయంత్రమే గాంధీజీ హత్య జరిగింది. అంత్యక్రియల ఫొటోలు ఆమె తీశారు. అయినా ఆ రోజు అక్కడ లేకపోయాననే బాధ ఆమెను చివరిదాకా వదల్లేదు. ఆ బాధ ఏ నెగటివ్‌లోనూ కనిపించదు. ఆమె నోటితో చెబితేనే మనకు తెలిసింది.

పేరు సంగతి కూడా అంతే. తొలినాళ్లలో ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో ఆమె ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఆమె 'డాల్డా 13' అనే కలం పేరు పెట్టుకున్నారు. వంటనూనె ప్రకటన అనుకోకండి. పుట్టిన సంవత్సరం 1913, భర్తను తొలిసారి కలిసింది పదమూడో ఏట, తొలి కారు నంబరు డి.ఎల్.డి. 13. సరదాగా పుట్టిన పేరే, కాని పాత పత్రికలు మాత్రమే చూసే పరిశోధకుడికి దాని వెనక ఎవరున్నారో ఎలా తెలుస్తుంది?

1970లో హొమాయ్ కెమెరా పక్కన పెట్టేశారు. వృత్తిలో పాత మర్యాద తగ్గిపోయిందని తర్వాత చెప్పారు. కొన్ని దశాబ్దాల పాటు ఆమె పేరు పెద్దగా వినిపించలేదు. పరిశోధకురాలు సబీనా గడిహోక్ ఆ ఫొటోలను ముందు పెట్టుకుని ఆమెతో మాట్లాడారు. ఒక్కో ఫొటో ఒక్కో జ్ఞాపకాన్ని కదిలించింది. ఆ కృషి 2006లో పుస్తకంగా వచ్చింది. ఆమె ఫొటోల సంపద ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషన్‌కు చేరి భద్రంగా ఉంది. 2011లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. 2012 జనవరి 15న, తొంభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. ఎవరూ వెళ్లి అడగకపోయి ఉంటే? ఫొటోలు మిగిలేవి, వాటి కథ ఆమెతోనే పోయేది.

అందుకే మీకో పని చెబుతున్నాను. ఇంట్లో ఉన్న పాత ఫొటోలు తీసి అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి అడగండి. ఇందులో ఎవరెవరున్నారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరు తీశారు? తీసినవారి పేరు తప్పకుండా అడగండి, సాధారణంగా అందరూ మరిచిపోయేది అదే. ఫొటోను అంచుల దగ్గర పట్టుకోండి. వెనకవైపు మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. పెన్ను వాడవద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. మీ ఫోనులో ఉన్న వేల ఫొటోల్లో కనీసం పదింటికి పేరూ ఊరూ రాసి పెట్టుకోండి.

కెమెరా చూసినంత వరకే చెబుతుంది. మిగతాది మనుషులు చెప్పాలి. చెప్పేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి.